పోయిన మనిషి జీతం



మా వినుకొండ వైపు ఒక మనిషి పనిలో చనిపోతే, చూడవచ్చినవాళ్ల నోట ఆ సాయంత్రానికే వచ్చే మాట "ఎంత ఇస్తారంట?" అని. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఆ ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నారు, బయట అప్పుంది, రేపటి నుంచి సంపాదించే చెయ్యి లేదు. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి అడుగుతారు. అయితే ఆ డబ్బు ఎలా ఇస్తారని అడిగేవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు. మొత్తం ఒకేసారి చేతికివ్వడమా? బతికుండగా జీతం వచ్చినట్టే నెలనెలా ఇవ్వడమా? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వారం వారం ఇస్తారు. పదేళ్ల తర్వాత ఆ ఇల్లు ఏ స్థితిలో ఉంటుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం.

మన మిరప, పత్తి నేలల్లో ఈ చావులు కొత్తవి కావు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరపకాయలు కోసి ఇళ్లకు వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. కరెంటు పాకి, చూస్తుండగానే చాలామంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మళ్లీ మిరప కోతకు వెళ్లొస్తున్న ట్రాక్టరే తిరగబడి నలుగురు ఆడవాళ్లు పోయారు. అదే ఏడాది ఆగస్టు 3న బల్లికురవ గ్రానైట్ క్వారీలో బండరాళ్లు మీద పడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కూలీలు ప్రాణాలు విడిచారు. ఇవి పేపర్లో మొదటి పేజీకెక్కినవి. జిన్నింగ్ మిల్లులో బెల్టులో పడిన మనిషి, పత్తికి మందు కొడుతూ చేలోనే కూలబడిన మనిషి, లారీ మీంచి టిక్కీలతో సహా కిందపడిన హమాలీ, వీళ్లు ఒక్కొక్కరుగా పోతారు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది, అంతే.

రాపర్లకు సరిగ్గా వారం ముందు, మే 7న, విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైంది. అక్కడ చనిపోయినవాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. వారం తిరిగేసరికి మిరప కూలీల కుటుంబాలకు ప్రకటించింది ఐదు లక్షలు. ఈ తేడా నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కానీ ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఎక్స్‌గ్రేషియా అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. కోటి ఇవ్వొచ్చు, ఐదు లక్షలివ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోవచ్చు. చట్టం ప్రకారం యజమాని నుంచి రావాల్సిన పరిహారం దానికి పూర్తిగా వేరు. అది హక్కు. ఎక్స్‌గ్రేషియా చెక్కు అందగానే పని అయిపోయిందనుకుని ఆ హక్కును వదిలేసుకున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి.

ఆ హక్కు 1923 నాటి చట్టం ఇచ్చింది. 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్ అని పిలిచేవాళ్లం, 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. ఇప్పుడు దాన్ని 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు, ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పేరు మారినా అసలు లెక్క మారలేదు. ఫ్యాక్టరీ కార్మికులకే ఇది వర్తిస్తుందనుకోకండి. ట్రాక్టర్‌తో సేద్యం చేసేవాళ్లు, చేలో పురుగుమందు కొట్టేవాళ్లు, యంత్రాలతో కోత నూర్పిడి చేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. పత్తికి మందు కొట్టడానికి దినకూలీకి పోయి చనిపోయిన మనిషి భార్యకు ఈ చట్టం కింద అడిగే హక్కుందన్న సంగతి ఆమెకు తెలియదు, ఆ కూలీని పిలిచిన ఆసామికీ తెలియదు.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగేదేమిటో చూద్దాం. మనిషి పోయిన రోజే శవాన్ని మిల్లు గేటు ముందు పెడతారు. బంధువులు, సంఘాలవాళ్లు, పార్టీలవాళ్లు వస్తారు. పెద్దమనుషులు మిల్లు ఆఫీసు గదిలో కూర్చుంటారు. పొద్దుగూకేలోపు ఒక అంకె తేలుతుంది. మూడో, నాలుగో, ఐదో లక్షలు. ఇకమీదట ఎలాంటి క్లెయిమూ లేదని స్టాంపు కాగితం మీద రాసి, సొమ్మసిల్లి పడివున్న భార్య వేలిముద్ర తీసుకుంటారు. ఆ గదిలో ఆమె ఉండదు. ఆమె తరఫున మరిదో, అన్నో, ఊరి నాయకుడో ఉంటారు. వాళ్లలో నిజంగా ఆమె మేలు కోరేవాళ్లూ ఉంటారు, కాదనను. అయినా శవం వాకిట్లో ఉండగా జరిగే బేరం ఎవరికి అనుకూలిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

1923లో ఆ చట్టం రాసినవాళ్లు ఈ గదిని ఊహించారు. అందుకే చనిపోయిన కార్మికుడి పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతికి ఇవ్వకూడదని, ఇచ్చినా అది పరిహారం ఇచ్చినట్టు లెక్క కాదని రాశారు. సొమ్ము కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. మన దగ్గర కార్మిక శాఖ అధికారులే ఆ పని చూస్తారు. కొత్త కోడ్‌లో ఆ అధికారికి పేరు మారింది, నేను మనకు అలవాటైన కమిషనర్ అనే మాటే వాడతాను. అప్పటికప్పుడు ఖర్చులకు కావాలంటే యజమాని మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుగా ఇవ్వొచ్చు, దాన్ని తర్వాత మినహాయిస్తారు. హక్కు వదులుకుంటున్నట్టు ఎన్ని స్టాంపు కాగితాల మీద రాయించుకున్నా అది చెల్లదు. "తాగి ఉన్నాడు", "చెప్పినా వినకుండా మిషన్ దగ్గరికి పోయాడు" అని పంచాయతీల్లో అంటుంటారు కదా, గాయం చావుకు దారితీసినప్పుడు చట్టంలో ఆ వాదనకు చోటు లేదు. మేస్త్రీ తెచ్చిన కూలీ, మాకు సంబంధం లేదన్నా కుదరదు. ఆ మేస్త్రీకి పని అప్పజెప్పిన అసలు యజమాని దగ్గరే వసూలు చేయొచ్చు.

ఇక లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. చనిపోయిన మనిషి నెల జీతంలో సగం తీసుకుని, అతని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన ఒక అంకెతో గుణించాలి. ఇరవై ఏళ్లకు 224, ముప్పై అయిదేళ్లకు 197.06, యాభై ఏళ్లకు 153.09, అరవై ఏళ్లకు 117.41. జీతం ఎంత ఉన్నా లెక్కలోకి తీసుకునేది 15 వేల దాకే, 2020 జనవరి 3 నోటిఫికేషన్ ప్రకారం. అంతకుముందు దాదాపు పదేళ్ల పాటు అది 8 వేలే.

ముప్పై అయిదేళ్ల జిన్నింగ్ మిల్లు కార్మికుడు, నెలకు 15 వేలు, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు అనుకుందాం. సగం జీతం ఏడున్నర వేలు. దాన్ని 197.06తో గుణిస్తే 14 లక్షల 77 వేల 950 రూపాయలు. ముందు చెప్పిన మూడు నాలుగు లక్షల రాజీ పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

ఈ 14 లక్షల 78 వేలను బ్యాంకులో 6 శాతం వడ్డీకి వేస్తే నెలకు ఎంత వస్తుంది? 7,390 రూపాయలు. అంటే దాదాపు ఆ సగం జీతమే. చట్టం ఒక మొత్తాన్ని చేతిలో పెడుతోందే గానీ, ఆ మొత్తం కడుపులో ఉన్నది నెలవారీ జీతమే. అసలు ముట్టుకోకుండా వడ్డీ తింటూ ఉంటే మనిషి సంపాదనలో సగం ఆ ఇంటికి వస్తూనే ఉంటుంది. మనిషి పెద్దవాడైతే ఆ పాలు తగ్గుతుంది. అరవై ఏళ్లవాడికి వచ్చే 8 లక్షల 80 వేల మీద వడ్డీ నెలకు 4,400 దాటదు.

ఇంత స్పష్టంగా ఉంటే మొత్తం డిపాజిట్ చేసి నెలనెలా వడ్డీ ఇప్పిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కోర్టులూ అలాగే అనుకున్నాయి. రోడ్డు ప్రమాదాల కేసుల్లో 1982లో గుజరాత్ హైకోర్టు, ఆ తర్వాత కేరళ ఆర్టీసీకీ సూసమ్మ థామస్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చాయి. మైనర్ల వాటా మైనారిటీ తీరేదాకా డిపాజిట్‌లో ఉండాలి. చదువురాని వాళ్ల సొమ్ము కూడా డిపాజిట్‌లోనే ఉంచి వడ్డీ నెలనెలా ఇవ్వాలి, దాని మీద బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. బతుకుతెరువుకు పనిముట్లో రిక్షానో కొనుక్కోవాలంటే కొంత విడుదల చేయొచ్చు. కార్మికుల చట్టంలో కూడా ఆడమనిషికి చెందాల్సిన మొత్తాన్ని ఆమె మేలు కోసం పెట్టుబడి పెట్టే అధికారం కమిషనర్‌కు ఉంది. ఆడమనిషిని, మైనర్లను, మతిస్థిమితం లేనివాళ్లను ఒకే వాక్యంలో కట్టేసిన నియమం అది. మిరపచేలో మగవాడికి దీటుగా పనిచేసి, డ్వాక్రా లెక్కలు వేలిమీద చెప్పే మనిషిని ఆ వరసలో కూర్చోబెట్టడం అన్యాయం.

పైగా ఈ డిపాజిట్ పద్ధతి మన ఊళ్ల అప్పు ముందు నిలబడదు. ఆ ఇంటికి మూడు లక్షల అప్పుందనుకోండి. కౌలుకు తీసుకున్న రెండెకరాల మిరప తాలూకు కావచ్చు, గోడలు లేపిన ఇంటిది కావచ్చు. ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు ఆరు వేలు. డిపాజిట్ మీద వచ్చే 7,390లో ఆరు వేలు అప్పు వడ్డీకే పోతే, ఆ తల్లికి మిగిలేది 1,390 రూపాయలు. నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే తొమ్మిది వేలు కట్టాలి, ఆమె ఇంకా బయట తేవాల్సి వస్తుంది. బ్యాంకులో 6 శాతం సంపాదిస్తూ బయట 24 శాతం కడుతూ కూర్చోవడం ఏ రకంగానూ రక్షణ కాదు. ముందు మూడు లక్షలు తీర్చేసి మిగిలిన 11 లక్షల 78 వేలు డిపాజిట్ చేస్తే నెలకు 5,890 వస్తుంది. ఆ డబ్బులో ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. కాబట్టి ఒకేసారి మొత్తం కావాలని అడిగే ఆడవాళ్లను తెలివితక్కువ వాళ్లని నేను ఎప్పుడూ అనుకోలేదు. వాళ్లకు తమ ఇంటి వడ్డీ లెక్క తెలుసు, ఆర్డరు రాసే అధికారికి తెలియదు.

చట్టం ఇక్కడ ఇంకో మాట చెబుతుంది. ఈ పరిహారాన్ని ఏ అప్పులవాడూ జప్తు చేయించలేడు, తాకట్టు పెట్టించుకోలేడు. మిల్లు యజమాని తానిచ్చిన పాత అడ్వాన్సు ఇందులో కోసుకుంటానంటే అదీ చెల్లదు. భర్త చేతి అప్పులు ఈ సొమ్ములోంచి తీర్చి తీరాలని ఏ కోర్టూ ఆమెను బలవంతపెట్టదు. ఈ సంగతి ఆమెకు తెలిసి ఉండాలి. తెలిసినా ఆమె తీర్చే అవకాశమే ఎక్కువ. వచ్చే ఏడు పిల్లాడి ఫీజుకు, జ్వరానికి, విత్తనానికి మళ్లీ అదే వాకిటికి వెళ్లాలి. పోయినవాడి మాట నిలబెట్టాలన్న పట్టుదల కూడా ఉంటుంది. ఆ నిర్ణయం ఆమెది. కాకపోతే జప్తు జరగదని తెలిసిన మనిషి అసలు మీద వడ్డీ తగ్గించమని అడగ్గలదు. తెలియని మనిషి చక్రవడ్డీతో సహా కట్టేస్తుంది.

సుప్రీంకోర్టు కూడా తన పాత మాటను 2012లో సరిచేసింది. ఏ.వి. పద్మ అనే ఆమె కేసులో, సూసమ్మ థామస్ తీర్పును ట్రైబ్యునళ్లు యాంత్రికంగా వాడుతున్నాయని, ఎవరి అవసరం ఏమిటో చూడకుండా అందరి సొమ్మునూ దీర్ఘకాల డిపాజిట్లలో పెడుతున్నాయని తప్పుబట్టింది. ఆ మార్గదర్శకాలు మనుషుల్ని కాపాడటానికే గానీ కట్టేయడానికి కాదని చెప్పింది.

అయితే మొత్తం చేతికొస్తే ఏమవుతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. చెక్కు వచ్చిందన్న కబురు ఊళ్లో రహస్యంగా ఉండదు. చీటీపాటలో చేరమనేవాడు వస్తాడు, లారీలో వాటా పెట్టమనే తమ్ముడు వస్తాడు, ఆడపడుచు పెళ్లి ముందుకొస్తుంది. ఇవ్వనంటే "మా వాడి ప్రాణం డబ్బు నువ్వొక్కదానివే తింటావా" అనే మాట పడాలి. ముప్పై ఏళ్ల ఆడమనిషి, అత్తింట్లో ఉంటూ, ఆ మాటకు ఎదురు నిలవడం కష్టం. "సారు డిపాజిట్‌లో వేశారు, నా చేతిలో లేదు" అని చెప్పుకునే వీలు ఉండటమే ఆమెకు అక్కరకొస్తుంది. నెలనెలా వచ్చే చిన్న మొత్తాన్ని ఎవరూ అప్పు అడగరు. ఇంట్లో ఉప్పుకీ పప్పుకీ అయిపోతుందని అందరికీ తెలుసు.

నెలనెలా ఇవ్వడమే పద్ధతిగా పెట్టుకున్న చట్టం మన దేశంలో ఉంది. 1948 నాటి ఈఎస్ఐ చట్టం అది, ఇప్పుడు దాన్నీ 2020 కోడ్‌లోనే కలిపారు. చాలామందికి ఈఎస్ఐ అంటే ఆసుపత్రే గుర్తొస్తుంది. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి అది నెలవారీగా ఇచ్చే డిపెండెంట్స్ బెనిఫిట్ గురించి తక్కువమందికి తెలుసు. జీతంలో 90 శాతం. అందులో భార్యకు అయిదింట మూడు వంతులు, బతికున్నంతకాలం లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా. పిల్లలకు తలా అయిదింట రెండు వంతులు, కొడుక్కి పాతికేళ్లు వచ్చేదాకా, కూతురికి పెళ్లయ్యేదాకా. మొత్తం కలిపి 90 శాతం దాటితే దామాషాగా తగ్గిస్తారు. మన లెక్కలోని అదే కుటుంబానికి ఈఎస్ఐ ఉండి ఉంటే నెలకు సుమారు 13,500 వచ్చేది. భార్యకు 5,786, ఒక్కో పిల్లకు 3,857. డిపాజిట్ వడ్డీకి దాదాపు రెట్టింపు. పైగా ధరలు పెరిగేకొద్దీ ఈఎస్ఐ ఆ మొత్తాన్ని అప్పుడప్పుడూ సవరిస్తుంది. డిపాజిట్ వడ్డీని సవరించే నాథుడు లేడు. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఆ 7,390 రూపాయల విలువ సగానికి పడిపోతుంది, పిల్లలు కాలేజీకి వచ్చే వేళకు సరిగ్గా.

దీనికి అయ్యే ఖర్చెంత? 15 వేల జీతం మీద యజమాని కట్టేది 3.25 శాతం, అంటే 487 రూపాయల 50 పైసలు. కార్మికుడు కట్టేది 112 రూపాయల 50 పైసలు. కలిపి నెలకు ఆరు వందలు. అందులోనే వైద్యమూ ఉంది.

మరి మన జిన్నింగ్ మిల్లు కార్మికుడికి ఈఎస్ఐ ఎందుకు లేదు? యజమాని ఎగ్గొట్టడం వల్ల కాదు. చట్టమే అతన్ని బయట పెట్టింది. సీజనల్ ఫ్యాక్టరీలకు ఈఎస్ఐ వర్తించదు. సీజనల్ ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెబుతూ చట్టం రాసిన జాబితాలో మొదటి పేరే పత్తి జిన్నింగ్. తర్వాత పత్తి ప్రెస్సింగ్, వేరుశనగ కాయ ఒలవడం. ఈ పనులు మాత్రమే చేసే మిల్లులన్నీ బయటే. 2020 కోడ్‌లోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు స్పిన్నింగ్ మిల్లులో, ఒకడు జిన్నింగ్ మిల్లులో ఉన్నారనుకోండి. ఒకే పత్తి, ఒకే జీతం. చనిపోతే ఒకరి భార్యకు నెలనెలా ఇంటిఖర్చు వస్తుంది, రెండోవాడి భార్య దరఖాస్తు పట్టుకుని తిరగాలి.

సీజనల్ పనివాళ్లు ఏడాది పొడవునా చందా కట్టలేరు, కాబట్టి జబ్బు చేసినప్పుడు వచ్చే బెనిఫిట్లు లెక్కకట్టడం కష్టం అని దీనికి కారణం చెబుతారు. జబ్బు విషయంలో ఆ మాటలో కొంత అర్థముంది. చావు విషయంలో లేదు. పని ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి వచ్చే బెనిఫిట్‌కు ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతే ఈఎస్ఐలో లేదు. మొదటి రోజు పనిలో పోయినా ఇస్తారు. అలాంటప్పుడు ఆరు నెలల పత్తి సీజన్‌లో పనిచేసేవాడికి, కనీసం చావుకూ అంగవైకల్యానికీ, ఈఎస్ఐ ఇవ్వడానికి అడ్డమేమిటో నాకు అర్థం కాదు.

ఒకేసారి ఇచ్చే పద్ధతి మనకు ఇంగ్లీషువాళ్ల నుంచి వచ్చింది. 1897లో వాళ్లు చేసిన చట్టంలో మనిషి పోతే మూడేళ్ల సంపాదన ఇచ్చి చేతులు దులుపుకునేవారు, అదీ 300 పౌండ్లకు మించకుండా. అంతకు పదమూడేళ్ల ముందే, 1884లో, జర్మనీ పెన్షన్ పద్ధతి పెట్టింది. 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందంలో, పరిహారం విడతలవారీగానే ఇవ్వాలని, సొమ్ము సరిగ్గా వినియోగమవుతుందని అధికారికి నమ్మకం కలిగితేనే మొత్తంగా ఇవ్వొచ్చని రాసింది. ఇంగ్లండ్ కూడా 1946లో చట్టం మార్చి 1948 జూలై నుంచి పెన్షన్‌కు మళ్లింది. మన ఈఎస్ఐ చట్టం కూడా ఆ ఏడాదిదే. జిన్నింగ్ మిల్లు మాత్రం 1923లోనే ఉండిపోయింది.

నెలవారీ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే భార్య వాటా ఆగిపోతుంది. పాతికేళ్ల వయసులో భర్త పోయిన అమ్మాయికి కొత్త జీవితం మొదలుపెట్టడానికి అది జరిమానా లాంటిది. మొత్తంగా తీసుకున్న పరిహారానికి ఆ షరతు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో మళ్లీ పెళ్లి చేసుకున్న భార్యకు రెండేళ్ల సొమ్ము ఒకేసారి ఇచ్చి పంపిస్తారు. ఆపాటి మర్యాదైనా మన చట్టం చూపాలి.

ఇంకో తేడా. బొల్లవరంలో పోయినవాళ్లు ఆడవాళ్లు. మిరప కోతలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆమె సంపాదన మీద ఇల్లు నడుస్తుంటే, ఆమె పోయినప్పుడు చిన్న పిల్లలు సహజంగానే హక్కుదారులు. భర్త మాత్రం తాను ఆమె సంపాదన మీద ఆధారపడ్డానని చూపించాలి. పైగా ట్రాక్టర్ ప్రమాదాల్లో, డ్రైవర్ కాక ఇంకెవరికీ అందులో సీటు లేదు కాబట్టి మాకు బాధ్యత లేదని ఇన్సూరెన్స్ కంపెనీలు వాదిస్తాయి. దాని మీద విడిగా మాట్లాడుకోవాల్సినంత ఉంది, ఈ పూటకు వదిలేస్తున్నాను.

మొత్తమా, నెలనెలానా అన్నదానికి దారి మన రాష్ట్రంలోనే ఒకసారి దొరికింది. 1987, 88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ ప్రకాశం, గుంటూరు జిల్లాల్లోనే రైతుల ఆత్మహత్యలు మొదటిసారి పెద్ద వార్తయ్యాయి. చాలా ఏళ్లకు, 2004 జూన్ 1న, ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర. అయితే అది రెండు ముక్కలు. లక్ష రూపాయలు కుటుంబం నిలదొక్కుకోవడానికి, యాభై వేలు అప్పులవాళ్లతో ఒకేసారి పరిష్కారం చేసుకోవడానికి. అధికారులు అప్పులవాళ్లను పిలిపించి, ఇంతతో సరిపెట్టుకోండని తేల్చాలి. అమలు ఎంత బాగా జరిగిందన్నది వేరే సంగతి, చాలాచోట్ల కుటుంబాలు ఏళ్లు తిరిగాయి. కానీ ఆ ఆలోచన సరైనది. అప్పును వేరే తెంచాలి, బతుకును వేరే నిలబెట్టాలి అని ఆ జీవో రాసినవాళ్లకు అర్థమైంది. రైతు ఇంటికి పనికొచ్చిన ఆ ఆలోచన అదే వీధిలో ఉన్న కూలీ ఇంటికి ఎందుకు పనికిరాదు?

కమిషనర్ చేతిలో ఇప్పటికే ఆ అధికారం ఉంది. కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అప్పుల జాబితా ఆమెనే రాసుకురమ్మని, ఎక్కువ వడ్డీవి తీర్చడానికి ఎంత కావాలో అంత ముందు విడుదల చేయొచ్చు. మిగిలినది నెలవారీగా ఆమె ఒక్కదాని ఖాతాలోకి వచ్చేలా రాయొచ్చు. పిల్లల వాటా విడిగా ఉంచి ఫీజులకు దారి పెట్టొచ్చు. ఈ మాటలు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, బావల, మరుదుల మధ్య నిలబెట్టి కాదు. మనిషి పోయిన మొదటి నెలలో అడగకూడదు కూడా. ఆ నెలలో ఆమె దేనికైనా తలూపుతుంది. మూడు నెలల అడ్వాన్సు నియమం ఉన్నది ఆ గడువు కోసమే అనుకుని వాడితే ఎంతో మేలు.

వింటున్నవాళ్లలో ఇలాంటి కష్టం వచ్చిన ఇల్లు ఎవరిదైనా ఉంటే, ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. దరఖాస్తుకు గడువు మనిషి పోయిన రోజు నుంచి రెండేళ్లు. దాటిపోయినా తగిన కారణం చూపితే తీసుకుంటారు, వదిలేయకండి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, వయసు తెలిపే కాగితం, ఆధార్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. జీతం చీటీ లేకపోతే ఫోన్‌పేలో వచ్చిన కూలీ డబ్బుల వివరాలు, హాజరు పుస్తకం ఫొటో, తోటి కూలీల సాక్ష్యం పనికొస్తాయి. భర్త తల్లి వితంతువైతే ఆమె పేరు కూడా దరఖాస్తులో తప్పక రాయండి, చట్టంలో ఆమెకూ మొదటి వరసలోనే చోటుంది. ఇంతకుముందే మిల్లు దగ్గర ఏదైనా కాగితం మీద వేలిముద్ర వేసి ఉంటే, దాని నకలు కూడా తీసుకెళ్లి కమిషనర్‌కు చూపించండి, దాచకండి. పరిహారం నెలలోపు డిపాజిట్ కాకపోతే వడ్డీ (1923 చట్టం కింద అది ఏడాదికి 12 శాతం ఉండేది), కారణం లేని ఆలస్యానికి సగం దాకా పెనాల్టీ కూడా అడగొచ్చు. డబ్బు వచ్చాక ఎలా కావాలో, అప్పుకు ఎంత, నెలకు ఎంత, పిల్లలకు ఎంత అన్నది, ఒక తెల్లకాగితం మీద మీరే రాసి విచారణ రోజున ఇవ్వండి. అడగనిదే ఆర్డరులో ఆ మాట రాదు.